ఒక తంతువుకు ఒకే నాడి

బీదరు జిల్లాలో మన్నాఏఖేళ్ళి అనే ఊరు ఉంది. హైదరాబాదు నుండి ముంబయి వెళ్ళే జాతీయ రహదారి ఆ ఊరి మీదుగా పోతుంది. అక్కడ కన్నడం, తెలుగు, ఉర్దూ, మరాఠీ మాటలు కలిసి వినిపిస్తాయి. చుట్టుపట్ల పొలాలలో జొన్న, కంది, పెసర, మినుము, చెరకు పండుతాయి. జొన్న మొలిచిన కొద్ది రోజులకు రైతు చేలోకి దిగి ఒక పని చేస్తాడు. విత్తనాలు ఒత్తుగా పడినచోట ఏపుగా ఉన్న మొక్కను ఉంచి, పక్కనున్న బలహీనమైన మొక్కలను పీకివేస్తాడు. అన్నిటినీ ఉండనిస్తే ఏదీ సరిగా కంకి వేయదని అతనికి తెలుసు.

ఇటువంటి పనే పసిబిడ్డ శరీరంలో కూడా జరుగుతుంది. చాప మీద పడుకోబెట్టిన నెలల బిడ్డ కాళ్ళూ చేతులూ ఒక్కసారిగా ఆడిస్తుంది. కొన్ని నెలలు గడిచేసరికి ఆ చేతులే గిలక్కాయను పట్టుకుంటాయి. ఏడాది దాటేసరికి ఆ కాళ్ళే అడుగులు వేస్తాయి. ఈ నేర్పు వెనుక మెదడు ఎదుగుదల ఉంది, కండరాల బలం ఉంది. వాటితోపాటు కంటికి కనిపించని మరొక మార్పు కూడా ఉంది. కండరాలను చేరిన నాడుల కొసలలో అనేకం వెనుకకు తగ్గిపోతాయి, కొన్ని మాత్రమే నిలుస్తాయి.

పొలంలో మొక్కను పీకడానికి రైతు ఉన్నాడు. శరీరంలో ఎవరున్నారు? ఏ కొస నిలవాలో, ఏ కొస తొలగాలో నిర్ణయించేది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూ జీవశాస్త్రజ్ఞులు గణితశాస్త్రం దగ్గరకు వచ్చారు.

నాడి, కండరం కలిసే చోటు

వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలు ఉంటాయి. వీటిని చాలక నాడీకణాలు అంటారు. ఒక్కొక్క కణం నుండి తంత్రికాక్షం అనే సన్నని పోగు బయలుదేరి కండరం వరకు వెళుతుంది. పెద్దవారిలో కాలి పాదానికి వెళ్ళే పోగు పొడవు దాదాపు ఒక మీటరు ఉంటుంది. కండరాన్ని చేరిన తరువాత ఆ పోగు కొమ్మలుగా చీలుతుంది. ఒక్కొక్క కొమ్మ ఒక్కొక్క కండర తంతువు మీద ఆనుకుంటుంది. ఈ కలయికనే నాడీ కండర సంధి అంటారు.

నిజానికి నాడి కొస కండరాన్ని తాకదు. రెండింటి మధ్య మిల్లీమీటరులో ఇరవై వేలవ వంతు సందు ఉంటుంది. నాడి వెంట ప్రేరణ వచ్చినప్పుడు కొస నుండి ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం వెలువడి, ఆ సందును దాటి, కండరం మీది గ్రాహకాలకు అంటుకుంటుంది. అప్పుడు కండర తంతువు ముడుచుకుంటుంది. ముడుచుకోవడానికి కావలసిన శక్తిని అందించే పదార్థాల చరిత్రలో ఒక తెలుగువారి పేరు ఉంది. భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేసి, కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను వెల్లడించారు. జర్మనీలో లోమాన్ కూడా 1929లోనే ఏ.టి.పి.ని విడిగా కనుగొన్నారు.

ఈ సంధి ఎంత ముఖ్యమైనదో పల్లెవాసులకు ఒక భయంకరమైన అనుభవం ద్వారా తెలుసు. కట్లపాము కరచినవారికి కనురెప్పలు వాలిపోతాయి, మాట తడబడుతుంది, చివరకు ఊపిరి తీసే కండరాలు కూడా నిలిచిపోవచ్చు. ఆ విషం నాడీ కండర సంధిని దెబ్బతీయడమే దీనికి కారణం. అందువల్లనే మంత్రాలతో కాలయాపన చేయక, వెంటనే విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అయితే ఈ విషమే శాస్త్రానికి తోడ్పడింది కూడా. తైవాను దేశపు కట్లపాము జాతి విషం నుండి వేరుచేసిన ఒక పదార్థం ఎసిటైల్‌కొలిన్ గ్రాహకానికి గట్టిగా అంటుకుంటుంది. దాని సహాయంతో 1970లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు జ్యాఁ పియర్ షాంజు, ఆయన సహచరులు ఆ గ్రాహకాన్ని గుర్తించారు. షాంజు పేరు ఈ పాఠంలో మరొకసారి వస్తుంది.

ఒక నాడీకణం, దాని ఆధీనంలో ఉన్న తంతువులు కలిసి ఒక జట్టు. కంటిని తిప్పే కండరాలలో ఒక జట్టుకు పదో ఇరవయ్యో తంతువులుంటాయి. అందుకే చూపు అంత సున్నితంగా కదులుతుంది. పిక్క కండరంలో ఒక జట్టుకు వెయ్యికి మించి తంతువులుంటాయి. అక్కడ కావలసింది సున్నితత్వం కన్న బలం. ఎదిగిన శరీరంలో ఒక తంతువు ఒకే నాడీకణం మాట వింటుంది. ఒక బండికి నలుగురు తోలేవాళ్ళుంటే అది సరిగా సాగనట్లే, ఒక తంతువును నాలుగు నాడులు శాసిస్తే బలాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ పనిచేయడం సాధ్యం కాదు.

ఎక్కువతో మొదలై ఒకటితో ముగియడం

పుట్టినప్పుడు పరిస్థితి ఇలా ఉండదు. 1970లో రెడ్‌ఫర్న్ అనే శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల ఉదరవితానాన్ని పరీక్షించాడు. ఒక్కొక్క కండర తంతువు మీద ఒకటి కన్న ఎక్కువ నాడి కొసలు పనిచేస్తున్నట్లు ఆయన గమనించాడు. కొద్ది వారాలలో ఒక్కటే మిగిలింది. 1976లో బ్రౌన్, యాన్సెన్, వాన్ ఎసెన్ అనే ముగ్గురు ఎలుక కాలి కండరంలో ఇదే విషయాన్ని మరింత వివరంగా కొలిచారు. రెండు వారాలలో ఒక్కొక్క నాడీకణం జట్టు దాదాపు అయిదవ వంతుకు తగ్గిపోయింది. అయినా నాడీకణాల సంఖ్య మారలేదు. అంటే చనిపోయినవి కణాలు కావు. వాటి కొమ్మలే వెనుకకు తగ్గాయి.

2012లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసినప్పుడు, ఎలుక పిల్ల పుట్టేనాటికి ఒక సంధి దగ్గర సుమారు పది తంత్రికాక్షాలు చేరి ఉంటాయని తేలింది. పదింటిలో తొమ్మిది వైదొలగుతాయి. ఒకటి మాత్రమే నిలిచి ఆ చోటునంతా ఆక్రమిస్తుంది. మనుషులలో ఈ మార్పు పుట్టుకకు ముందే మొదలై, పుట్టిన తరువాత తొలి నెలలలో ముగుస్తుంది.

ఇందులో ఆశ్చర్యకరమైన సంగతి ఒకటుంది. వేలకొద్దీ తంతువులున్న కండరంలో దాదాపు ప్రతి తంతువుకూ సరిగ్గా ఒకే కొస మిగులుతుంది. రెండు మిగలవు. ఒక్కటి కూడా లేకుండా పోదు. పైనుండి లెక్కచూసి సరిచేసే అధికారి ఎవరూ లేరు. ప్రతి కొసకూ తన చుట్టుపక్కల సంగతే తెలుసు. అయినా మొత్తం మీద ఇంత క్రమం ఎలా ఏర్పడింది?

గణిత నమూనా అంటే ఏమిటి

ఎద్దుల బండి గంటకు నాలుగు కిలోమీటర్లు నడిస్తే, పన్నెండు కిలోమీటర్ల దూరంలోని సంతకు మూడు గంటలలో చేరుతుంది. ఈ లెక్కలో ఎద్దుల రంగు లేదు, బండి పాతదో కొత్తదో లేదు, దారిలోని గుంతలు లేవు. దూరం, వేగం, కాలం ఈ మూడింటి సంబంధం మాత్రమే ఉంది. అనవసరమైనవి వదలి, అవసరమైనవి తీసుకొని, వాటి సంబంధాన్ని లెక్కగా రాయడమే గణిత నమూనా. బండి మూడు గంటలకు బదులు అయిదు గంటలకు చేరితే, వదిలివేసిన వాటిలో ముఖ్యమైనది ఏదో ఉన్నదని తెలుస్తుంది. దారిలోని గుంతలను కూడా లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది. కాబట్టి నమూనా సరిపోయినప్పుడే కాదు, సరిపోనప్పుడు కూడా బోధిస్తుంది.

నాడుల అధ్యయనంలో ఈ పద్ధతి కొత్తది కాదు. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞులు స్క్విడ్ అనే సముద్ర జీవిలోని లావైన నాడిపై ప్రయోగాలు చేసి, నాడీ ప్రేరణ ఎలా ప్రయాణిస్తుందో సమీకరణాలలో రాశారు. ఆ కృషికి 1963లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

ఒక చిన్న లెక్క

నాడి కొసల పోటీని అర్థం చేసుకోవడానికి ఒక సులువైన లెక్క చేయవచ్చు. ఒక కండర తంతువు తన మీద ఆనిన నాడి కొసలకు పోషక పదార్థం పంచుతుందనుకుందాం. ఆ పదార్థం మొత్తం 100 పాళ్ళు, అంతకు మించి లేదు. ఒక కొసకు ఎంత పోషకం అందితే, మరుసటి దశలో దాని పరిమాణం అంత అవుతుంది. రెండు కొసలున్నాయి. మొదటి దాని పరిమాణం 60, రెండవదానిది 40.

పోషకం పరిమాణాన్ని బట్టి అదే నిష్పత్తిలో అందుతుందనుకుంటే, మొదటిదానికి 60, రెండవదానికి 40 పాళ్ళు వస్తాయి. మరుసటి దశలోనూ 60, 40. నూరు దశలు గడిచినా 60, 40. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. ఈ నియమం కండరంలో జరిగేదానికి సరిపోదు.

నియమం కొంచెం మార్చి చూద్దాం. పోషకం పరిమాణాల వర్గాల నిష్పత్తిలో అందుతుందనుకుందాం. అంటే పెద్ద కొసకు తన పరిమాణానికి మించిన వాటా వస్తుంది. 60, 40 ల వర్గాలు 3600, 1600. ఈ నిష్పత్తిలో 100 పాళ్ళు పంచితే ఒకదానికి 69.2, రెండవదానికి 30.8 వస్తాయి. ఇదే పద్ధతిలో ముందుకు సాగితే:

మొదట: 60, 40
ఒకటవ దశ తరువాత: 69.2, 30.8
రెండవ దశ తరువాత: 83.5, 16.5
మూడవ దశ తరువాత: 96.2, 3.8
నాలుగవ దశ తరువాత: 99.8, 0.2

నాలుగు దశలలోనే ఒక కొస నిలిచింది, మరొకటి దాదాపు మాయమైంది. తేడా మరీ కొద్దిగా ఉన్నా ఫలితం ఇదే. 51, 49 తో మొదలుపెడితే మొదటి దశలలో మార్పు కనిపించీ కనిపించనట్లు ఉంటుంది. కాని ఏడవ దశ ముగిసేసరికి ఒకదాని వాటా 99 దాటుతుంది. సరిగ్గా 50, 50 గా ఉంటే మాత్రం ఏ మార్పూ ఉండదు. అది గుట్ట శిఖరం మీద నిలబెట్టిన బంతి వంటిది. చిన్న గాలి వీచినా అది ఒక వైపుకు దొర్లుతుంది. ప్రాణుల శరీరంలో అటువంటి సమానత్వం నిలవదు.

ఈ లెక్కలో నిర్ణయించేవాడు లేడు. పరిమితమైన సరుకు ఉంది, పెద్దదానికి ఎక్కువ వాటా ఇచ్చే నియమం ఉంది. ఈ రెండూ చాలు, పదింటిలో ఒకటి మిగలడానికి. రైతు చేసే పనిని ఒక నియమం చేసింది.

రెండు వైపుల కట్టుబాటు

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొన్ని నాడీకణాలు మొదట్లోనే పెద్దవైతే, ప్రతి తంతువు మీదా అవే గెలిచి, మిగిలిన నాడీకణాలకు ఒక్క తంతువూ దక్కకుండా పోవాలి. కాని కండరంలో అలా జరగదు. నాడీకణాలన్నింటికీ జట్లు మిగులుతాయి. అంటే నమూనాలో ఏదో లోపించింది.

లోపించింది నాడీకణం వైపు పరిమితి. కొసలను పోషించే సరుకు నాడీకణంలో కూడా కొంతే ఉంటుంది. కొమ్మలు ఎక్కువైతే ఒక్కొక్క కొమ్మకు అందేది తగ్గుతుంది. ఒక కండరంలో ఇరవై తంతువులు, రెండు నాడీకణాలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క కణం దగ్గర 60 పాళ్ళ సరుకు ఉంది. మొదటి కణం 15 తంతువులను చేరింది. కాబట్టి ఒక్కొక్క కొసకు 4 పాళ్ళు. రెండవ కణం 10 తంతువులను చేరింది. ఒక్కొక్క కొసకు 6 పాళ్ళు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న తంతువులు అయిదు. వాటి మీద పోటీ 6 కు, 4 కు మధ్య. ఇది 60, 40 వంటిదే. ఆ అయిదింటి మీద రెండవ కణమే గెలుస్తుంది. మొదటి కణానికి పది తంతువులు మిగిలి, దాని సరుకు ఒక్కొక్క కొసకు 6 పాళ్ళ చొప్పున అందుతుంది. చివరకు రెండు కణాలకూ పదేసి తంతువులు, ప్రతి తంతువుకూ ఒకే కొస.

ఎక్కువ చోట్ల చేయి చాచినవాడికి ప్రతి చోటా పట్టు సడలుతుంది. అందుకే ఒకే కణం అన్నిటినీ మింగివేయలేదు.

ఇది విద్యార్థుల కోసం కుదించిన లెక్క. శాస్త్రజ్ఞులు నిర్మించిన నమూనాలు ఇంతకన్న విపులమైనవి. 1981లో బ్రిటన్‌కు చెందిన డేవిడ్ విల్‌షా ఈ పోటీని సమీకరణాలలో వివరించాడు. 1983లో ఫ్రాన్సులో గూజే, లాస్రీ, షాంజు మరొక నమూనా ప్రకటించారు. అది నాడుల పనిని, కండరం అందించే పదార్థపు కొరతను ఆధారంగా చేసుకుంది. 1989లో ఆస్ట్రేలియాకు చెందిన బెన్నెట్, రాబిన్‌సన్ నాడీకణం వైపు, కండరం వైపు రెండు పరిమితులూ గల నమూనాను రూపొందించారు. 1993లో రాస్‌ముసెన్, విల్‌షా ఈ రెండు రకాల పోటీలనూ పరిశీలించి ఆ నమూనాను విస్తరించారు. 1999లో వాన్ ఊయెన్, విల్‌షా పోషక పదార్థాల కోసం జరిగే పోటీ మీద మరొక నమూనా ఇచ్చారు.

ప్రయోగమే గీటురాయి

లెక్క ఎంత అందంగా ఉన్నా ప్రకృతి ఒప్పుకోవాలి. నిజంగా పోటీయే కారణమైతే, పోటీదారును తొలగించినప్పుడు కొసలు వెనుకకు తగ్గకూడదు. 1980లో బెట్జ్, కాల్డ్‌వెల్, రిబ్‌చెస్టర్ అప్పుడే పుట్టిన ఎలుకల పాదంలోని ఒక చిన్న కండరానికి వెళ్ళే నాడులను చాలావరకు తొలగించి చూశారు. మిగిలిన నాడి తన పెద్ద జట్టును అలాగే నిలుపుకుంది. నాడుల పని కూడా ముఖ్యమే. 1979లో థాంప్సన్, కఫ్లర్, యాన్సెన్ నాడిలో ప్రేరణలు పోకుండా కొంతకాలం ఆపినప్పుడు అదనపు కొసలు తొలగడం ఆలస్యమైంది.

2003లో వాల్ష్, లిక్ట్‌మన్ బ్రతికి ఉన్న ఎలుక పిల్లలలో ఒకే సంధిని రోజుల తరబడి చూశారు. ఒక కొస ఖాళీచేసిన చోటును మరొకటి ఆక్రమించడం కనిపించింది. అంతేకాదు, కొన్నిచోట్ల వెనుకబడిన కొస తిరిగి ముందుకు వచ్చి గెలిచింది. పైన చేసిన చిన్న లెక్కలో మొదట ముందున్నదే ఎప్పుడూ గెలుస్తుంది. కాబట్టి ఆ లెక్క అసంపూర్ణమని ఈ ప్రయోగం చెబుతుంది. నాడీకణం సరుకు ఒకచోట తగ్గి మరొకచోటికి చేరడం వంటి మార్పులను కూడా కలుపుకోవాలి.

2012లో టర్నీ, లిక్ట్‌మన్ ఇంకొక అడుగు వేశారు. గెలవబోతున్న కొసను లేజరు కిరణంతో తొలగించారు. అప్పటికే వెనుకకు తగ్గుతున్న కొస తిరిగి వచ్చి ఆ స్థానాన్ని నింపింది. ఓడిపోతున్న కొసలో స్వతహాగా లోపమేమీ లేదని, ఎదుట పోటీదారు ఉండటమే దాని ఓటమికి కారణమని దీనివల్ల తేలింది.

ప్రయోగాలలో వచ్చే కొలతలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. వాటి నుండి నమూనాలోని విలువలను ఎంత కచ్చితంగా రాబట్టవచ్చో చెప్పేది గణాంకశాస్త్రం. ఈ అంచనాల కచ్చితత్వానికి ఒక హద్దు ఉంటుందని 1945లో చూపినవారు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆయన 1920లో నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. 2023లో మరణించేనాటికి ప్రపంచంలోని గణాంకశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యులుగా పేరు పొందారు.

ఈ లెక్కతో ఏమి ప్రయోజనం

ఊళ్ళలో పెద్దవారిని గమనిస్తే, ఒక కాలు సన్నబడి కర్ర సాయంతో నడిచేవారు కనిపిస్తారు. వారిలో అనేకులు చిన్నతనంలో పోలియో బారిన పడినవారు. పోలియో వైరస్ వెన్నుపాములోని చాలక నాడీకణాలను చంపుతుంది. వాటి జట్లలోని తంతువులు దిక్కులేనివవుతాయి. అప్పుడు బ్రతికి ఉన్న నాడీకణాలు కొత్త కొమ్మలు వేసి ఆ తంతువులను చేరుకుంటాయి. పోయిన బలం కొంత తిరిగి వస్తుంది. పసితనంలో వెనుకకు తగ్గిన కొమ్మలే, అవసరం వచ్చినప్పుడు మళ్ళీ ముందుకు సాగుతాయి.

కాని ఇక్కడ కూడా అదే కట్టుబాటు ఎదురవుతుంది. ఒక నాడీకణం తన జట్టును ఎన్నో రెట్లు పెంచుకోగలదు గాని, హద్దు లేకుండా పెంచుకోలేదు. ఎక్కువ భారం మోసిన కణాలు ఏళ్ళ తరువాత అలసిపోవచ్చు. పోలియో వచ్చి కోలుకున్నవారిలో కొందరికి దశాబ్దాల తరువాత మళ్ళీ బలహీనత కలగడానికి ఇది ఒక కారణమని వైద్యులు భావిస్తారు. అటువంటివారు బద్ధకంతో కూర్చున్నారని అనుకోవడం తప్పు. వారి శరీరంలో మిగిలిన కొద్ది నాడీకణాలు పదిమంది పనిని మోస్తున్నాయి.

భారతదేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరించింది. రెండు చుక్కల మందు కోట్ల పిల్లల నాడీకణాలను కాపాడింది. చనిపోయిన నాడీకణం స్థానంలో కొత్తది పుట్టదు కాబట్టి, ముందుగా కాపాడుకోవడమే మేలైన మార్గం.

ప్రమాదాలలో నాడులు తెగినవారికి కూడా ఈ జ్ఞానం అవసరం. తెగిన నాడి తిరిగి పెరిగి కండరాన్ని చేరినప్పుడు, పసితనంలో జరిగిన పోటీ మరొకసారి జరుగుతుంది. మొదట ఒక తంతువు మీద అనేక కొసలు చేరి, తరువాత ఒకటి మిగులుతుంది. ఆ పోటీ నియమాలు తెలిస్తే, కోలుకొనే తీరును మరింత బాగా అర్థం చేసుకోవచ్చు.

జొన్న చేలో రైతు మొక్కలను పలుచన చేస్తాడు. కండరంలో ఆ పని రెండు చిన్న నియమాలు చేస్తాయి. సరుకు పరిమితం, పెద్దదానికి వాటా అధికం. కాగితం మీద కూడికలు, వర్గాలు, నిష్పత్తులు తెలిసిన విద్యార్థి ఎవరైనా ఈ నియమాల ఫలితాన్ని లెక్కకట్టి చూడగలడు. మన్నాఏఖేళ్ళిలో చాప మీద కాళ్ళాడించే బిడ్డ ఆ లెక్క చేయదు. అయినా ఆ లెక్క ఆ బిడ్డ కాలిలో క్షణక్షణం జరుగుతూనే ఉంటుంది. అది పూర్తయిన కొన్నాళ్ళకు బిడ్డ గోడ పట్టుకొని నిలబడుతుంది, తరువాత గోడ వదలి అడుగు వేస్తుంది.